గాడిద నేర్పిన విద్య

భూమి నిరంతరం కదులుతూ ఉంటుందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. ఆ నిర్ణయం లువో దింగ్‌షాన్ గురువర్యులు నిలుచున్న జానెడు నేలకు వర్తించదని హువాయ్‌షూ పట్టణవాసుల దృఢవిశ్వాసం. నలభై సంవత్సరాలుగా ఆయన పాదాలను ఏ వీరుడూ కదిలించలేదు. ఆయన భార్య గుయ్‌జెన్ మాత్రం ఇల్లు ఊడ్చే సమయంలో ఆయనను మోచేత్తో పక్కకు జరుపుతూ ఉండేది. గృహకృత్యాలు యుద్ధవిద్యల చరిత్రలోకి రావు గనుక ఆ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లువో వంశపు తైచీ అనే చైనా యుద్ధవిద్యకు మూలగురువు ఒక గాడిద. గురువర్యుల ముత్తాత ఒకనాడు వాగు మీది వంతెన దగ్గర మొండికేసిన గాడిదను చూశాడట. యజమాని తోశాడు. ఊరు ఊరంతా తోసింది. అటుగా వస్తున్న పెళ్లివారు పల్లకి దించి మరీ ఒక చెయ్యి వేశారు. గాడిద కోపగించలేదు, ఆయాసపడలేదు. ఒక చెవి ఆడించింది, అంతే. ఆ చెవి కదలికలో ముత్తాతగారికి సమస్త రహస్యమూ గోచరించింది.

నాటి నుండి ఈ విద్య తండ్రి నుండి కొడుకుకు చెక్కుచెదరకుండా అందుతూ వచ్చింది. ప్రతి ఉదయం పాత ధాన్యపు గిడ్డంగిలో గురువర్యులు శిష్యుల ఛాతీ మీద అరచెయ్యి ఆనించేవారు. ఆనించినదే తడవుగా శిష్యులు గాలిలోకి లేచిపోయేవారు. బ్యాంకులో పద్దులు రాసే తాన్ మేడం సన్నగా కేక వేసి, కళ్లద్దాలు పట్టుకుని మరీ ఎగిరేది. పెద్ద శిష్యుడు షీ బావోకున్ బరువు నూరు కిలోల పైమాటే. అయినా వెనుక గోడ దాకా ఎగిరి, వీపుతో దానిని చరిచేవాడు. బావోకున్‌కు బజారులో గాడిదమాంసం రొట్టెల దుకాణం ఉంది. ఆ విధంగా మూలగురువుతో అతనికి వృత్తిరీత్యా కూడా సంబంధం ఉంది.

ఇంతటి విద్యకు ఒక ఆపద వచ్చింది. గిడ్డంగిని కూల్చి కార్లు నిలుపుకునే స్థలంగా మార్చాలని పురపాలక సంఘం తీర్మానించింది. దానిని ఆపే ఆయుధం ఒక్కటే: గోడకు 'చేతికి చిక్కని సాంస్కృతిక వారసత్వం' అనే ఇత్తడి పలక. చేతికి చిక్కని ఆ వారసత్వాన్ని చేతికి అందించవలసిన వారు జిల్లా సంస్కృతి శాఖ ఉపసంచాలకులు పాంగ్ షులీ. వారిని ఎవరూ ఉపసంచాలకులు అని పిలవరు. ఆ జిల్లాలో కూరలో ఉప్పు తగ్గినా సర్దుకుంటారు గాని, అధికారి హోదా ముందు 'ఉప' మిగిలిపోతే సర్దుకోరు.

గురువర్యులు స్వయంగా తెచ్చిన దరఖాస్తును పాంగ్ గారు చదివి కళ్లద్దాలు తీశారు.

"అంతా బాగానే ఉంది మాస్టారూ. కానీ ఈ గాడిదేంటండీ? పైవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?"

"జరిగింది అదే కదండీ, సంచాలకులవారూ."

"జరిగితే జరిగిందిలెండి. కొంగ అని రాద్దాం. కొంగైతే హుందాగా ఉంటుంది."

"కొంగను తోస్తే ఎగిరిపోతుందండీ. మా విద్య అంతా కదలకపోవడంలోనే ఉంది."

"అయితే ఎగరని కొంగ అని రాద్దాం," అని పాంగ్ గారు కలం తీసి గాడిదను కొట్టివేశారు. ఊరంతా కలిసి కదిలించలేకపోయిన జంతువు ఒక్క గీతతో తొలగిపోయింది. "అన్నట్టు నేనూ ఆర్నెల్ల నుంచి తైచీ చేస్తున్నానండోయ్. పరిశీలన రోజున మీతో ఓ పట్టు పడతాను."

పాంగ్ గారి కార్యదర్శి యిన్ గురువర్యులను మెట్ల దాకా సాగనంపి, గొంతు తగ్గించింది.

"తాతగారూ, ఓ మాట. మా ఆఫీసులో సార్ ఎవర్ని తోసినా పడిపోతారు. నేనైతే చెయ్యి తగలకముందే పడతాను."

"ఆయన శక్తి అంతటిదా అమ్మా?"

"దస్త్రాల విభాగంలో ఒకాయన పడలేదు. ఇప్పుడు ఆ కొండమీది చెరువు దగ్గర కప్పలు లెక్కపెడుతున్నాడు పాపం."

గురువర్యులు ఇంటికి వచ్చి, అన్నీ భార్యకు చెప్పారు. గుయ్‌జెన్ ఉల్లికాడలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"దీనికింత ఆలోచనెందుకు ముసలాయనా? పడిపో."

"నలభై ఏళ్ల పరువేమవుతుంది? ఈ పాదాలు కదిలితే రేపు ఎవరు నేర్చుకోవడానికి వస్తారు?"

"గిడ్డంగే లేకపోతే ఎక్కడికొస్తారు, కార్ల మీదకా? కాస్త పక్కకి జరుగు, గిన్నె తీసుకోవాలి."

ఆయన జరిగారు.

పరిశీలన రోజు గిడ్డంగి కిక్కిరిసింది. ముందు శిష్యులు వరుసగా ఎగిరారు, కెమెరాలు మెరిశాయి. తరువాత పాంగ్ గారు కోటు విప్పి యిన్ చేతికిచ్చి, గురువర్యుల ఛాతీ మీద రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకున్నారు. ఆ చేతులు ఆవిరి మీద ఉడికిన రొట్టెల వలె మెత్తగా, వెచ్చగా ఉన్నాయి. వాటిలో నుండి ఏ శక్తీ వెలువడలేదు. గురువర్యులు కదలలేదు. పాంగ్ గారి నుదుట చెమట పట్టింది. యిన్ చూపు కొండమీది చెరువు వైపు తిరిగింది.

గురువర్యుల పరువు అప్పటికే ఓడిపోయింది. పడాలనే ఆయన నిశ్చయించుకున్నారు. కాని ఒక అనూహ్యమైన అవరోధం ఏర్పడింది. ఎలా పడాలో ఆయనకు తెలియలేదు. తమంతట తాముగా ఎగరడానికి మోకాలు ముందా, మడమ ముందా? ఆయన నోరు కదపకుండా, వెనుక నిలుచున్న పెద్ద శిష్యుణ్ణి పిలిచారు.

"బావోకున్... ఎలారా?"

"ఊపిరి బిగబట్టకండి గురువుగారూ," బావోకున్ కూడా గుసగుసగానే అందుకున్నాడు. "నడుం వదిలెయ్యండి. మొదటి గెంతు చిన్నది, రెండోది పెద్దది. గోడకి వీపంతా ఒక్కసారే ఆనాలి. భుజం ముందు తగిలిందో, వారం రోజులు చెయ్యి లేవదు."

"కేక మాత్రం రెండో గెంతులో వెయ్యండి," అని పక్క నుండి తాన్ మేడం సవరించింది. "మొదట్లోనే వేస్తే అబద్ధంలా ఉంటుంది."

గురువర్యులు ఓరకంట వెనక్కి చూశారు. పాంగ్ గారి చేతులు ఇంకా ఛాతీ మీదే ఉన్నాయి.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

వెనుక వరుసలో ఎవరో దగ్గారు. బావోకున్ నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు. "గురువుగారూ, చిన్నప్పుడు మీ నాన్నగారు తోస్తే మీరెలా పడేవారో, అలాగే పడండి."

గురువర్యుల కళ్ల ముందు ఇదే గోడ కనిపించింది. ఏడేళ్ల వయసు. తండ్రి అరచెయ్యి తగలగానే ఎంత ఆనందంగా గెంతేవాడో, గోడను తాకి వెనుదిరిగి చూస్తే తండ్రి ముఖం ఎలా వెలిగేదో, అంతా ఒక్క క్షణంలో జ్ఞాపకం వచ్చింది. ఆ తండ్రిని తాత తోసేవాడు. తాతను ముత్తాత తోసి ఉండాలి. ముత్తాతను తోసినవారెవరో ఇక ఆయన ఆలోచించదలచుకోలేదు.

ఆయన మడమలు లేచాయి. ఒక చిన్న గెంతు, ఒక పెద్ద గెంతు, సరైన సమయంలో కేక. వీపంతా ఒక్కసారిగా గోడను చరిచింది. పైకప్పు నుండి పాత గోధుమపొట్టు రాలింది. పాంగ్ గారు తమ అరచేతుల వైపు తామే భయభక్తులతో చూసుకున్నారు.

"మాస్టారూ, దెబ్బ తగల్లేదు కదా? నాకు తెలీకుండానే వచ్చేసిందండీ అది."

పలక పది రోజుల్లో వచ్చింది. దాని మీద ఒక కొంగ ఉన్నది. గౌరవ ప్రధాన గురువుగా పాంగ్ గారి పేరు ఉన్నది, 'ఉప' లేకుండా. గిడ్డంగి నిలిచింది.

మరునాటి ఉదయం శిష్యులింకా రాకముందే గురువర్యులు బావోకున్‌ను గిడ్డంగి నడుమ నిలబెట్టారు.

"ఈరోజు పడకు. నీకు చేతనైనట్టు నిలబడు."

"వద్దులెండి గురువుగారూ."

"నిలబడమన్నానా."

గురువర్యులు తోశారు. భుజం పెట్టి తోశారు. చివరకు కండువా పక్కన పెట్టి, తల ఆనించి తోశారు. బావోకున్ కోపగించలేదు, ఆయాసపడలేదు. అతని ఎడమ చెవి మాత్రం సిగ్గుతో ఎర్రబడి, కొద్దిగా అదిరింది.

గురువర్యులు వెనక్కి తగ్గి, చెమట తుడుచుకుని, ఆ చెవి వైపు చాలాసేపు చూశారు.

"నువ్వు గాడిదవిరా, బావోకున్," అన్నారు. ఆ పరంపరలో అంతకు మించిన బిరుదు లేదు. తరతరాలుగా ఎవరికీ దక్కలేదు కూడా.

బావోకున్ వంగి నమస్కరించబోతుండగా తలుపు కిర్రుమన్నది. కొత్త పలకను చూడవచ్చిన జనం, వారి వెనుక కెమెరాతో యిన్ లోపలికి అడుగుపెట్టారు.

"గురువుగారూ, చెయ్యి," అని బావోకున్ గుసగుసలాడాడు.

గురువర్యులు అరచెయ్యి ఆనించారు. ఒక చిన్న గెంతు, ఒక పెద్ద గెంతు. గోడ మీద కొత్త పలక గణగణ మ్రోగింది. గురువర్యుల పాదాలు మాత్రం కదలలేదు.