వేగానికి సున్నా

మా ఆవిడ దెతెలీనాకు వేగం సున్నా, బలం సున్నా, కరుణ మాత్రం కొండంత పెట్టాను. నవ్వకండి, వీడియో గేమ్‌లో ఆవిడ బొమ్మకే లెండి. అసలు మనిషికి ఏదైనా పెట్టే అధికారం నాకెప్పుడుంది కనుక?

సంగతేమిటంటే, ఆవిడ మా ప్లెవెన్ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఈ ఊళ్ళో నర్సులు ఒక్కొక్కరే జర్మనీకి ఎగిరిపోతున్నారు. ఈ వేసవి మొదట్లో ఆవిడ కూడా ఒక జర్మన్ పుస్తకం కొని వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన నిలబెట్టింది. పరీక్ష ప్యాసైతే లైప్‌జిగ్‌లో ఉద్యోగమట. వెళ్ళొద్దని నోరు తెరిచి అడగొచ్చు. కాని మొగుడన్నవాడు బతిమాలితే లోకువైపోడూ? అందుకని ఉపాయం పన్నాను. నేనాడే ఆటలోకి ఆవిడనూ దింపితే, జర్మన్ దానంతటదే అటకెక్కుతుంది.

నా సంగతి మీకు తెలిసిందే. ఆట ఆడడం కన్నా ప్లాను గీసుకోవడమే నాకిష్టం. యోధుడా, వైద్యుడా, ఏ క్లాసు తీసుకోవాలి, ఏ విద్యకు ఎన్ని పాయింట్లు పెట్టాలి అని ఆఫీసు ఫైళ్ళ వెనక లెక్కలు వేస్తుంటాను. నా యోధుడు ‘బాల్కన్ పిడుగు’ని ఎన్నిసార్లు చెరిపి గీశానో నాకే తెలియదు. పాపం, వాడింకా మొదటి ఊరి పొలిమేర దాటలేదు.

ఆ సాయంత్రం బాల్కనీలో పచ్చడికి లావుపాటి ఎర్రమిరపకాయలు కాలుస్తున్నాం. ఆవిడ కాలుస్తోంది, నేను తొక్క తీస్తున్నాను.

“ఆటలో నన్నేం చేస్తావు?”

“వైద్యురాలివి.”

“పొద్దుణ్ణించీ ఆసుపత్రిలో వెలగబెట్టేది అదేగా! ఇంటికొచ్చి మళ్ళీ అదేనా? నాకూ ఓ కత్తి ఇవ్వరాదూ?”

“కత్తి నా దగ్గరుందిగా.”

“మిరపకాయ తొక్క తియ్యడం చేతకాదు గానీ, కత్తట!”

చివరికి ఒప్పుకుంది. బొమ్మకు పేరు మాత్రం తనే పెట్టింది, ‘త్సోన్కా’ అని. అది మా అమ్మ పేరు.

“అదేం పేరే?”

“పుట్టినప్పణ్ణించీ నిన్ను కాపాడుకొస్తోంది ఆవిడేగా. ఆటలో మాత్రం ఆ ఆచారం ఎందుకు తప్పాలి?”

సరే, పేరుదేముంది, పాయింట్లు నా చేతిలో ఉన్నాయి. వేగం లేదు కనుక పారిపోవడం కుదరదు. బలం లేదు కనుక కుందేలు ఎదురైనా నన్నే పిలవాలి. నేను లేకుండా ఒక్క అడుగు వేయడం తన వల్ల కాదు. ఇంత పకడ్బందీ ప్లాను నా జన్మలో గీయలేదు.

మొదటి రాక్షసుడి దగ్గరే పిడుగు నేలకూలాడు. “త్సోన్కా! కాపాడు త్సోన్కా!” అని గావుకేక పెట్టాను. ఆ పూటే మా అమ్మ ఫోన్ చేసి, నీకు ఒంట్లో బాగుందా అని అడిగింది. పక్క ఫ్లాటువాళ్ళు చెప్పారట.

“ఉండవయ్యా,” అంది మా ఆవిడ. “ముందు ఆ విలుకాణ్ణి చూడాలి.”

“వాడెవడో దారిన పోయేవాడు! నేను నీ మొగుణ్ణి!”

“బతికే కేసులు ముందు, మొండి కేసులు తరవాత. మా వార్డులో అదే పద్ధతి.”

ఆ విలుకాడు లేచి దండం పెట్టి, మా గుంపులో చేరతావా అని అడిగాడు. ఆవిణ్ణే. నన్ను కాదు. మర్నాడు ఇంకో గుంపు, ఆ మర్నాడు మరొకటి. అప్పుడు తెలిసింది, ఈ ఆటలో యోధులు వీధికో డజను మంది, వైద్యులకు మాత్రం కరువు. ఇన్ని లెక్కలు వేసినవాణ్ణి, ఆ ఒక్కటీ చూసుకోలేదు.

అయినా మనసులో సంతోషమే. వంటింట్లో జర్మన్ పుస్తకం మీద దుమ్ము పేరుకుంటోంది. ఆవిడేమో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని గుద్రూన్ అనే రిటైరైన ట్రాము డ్రైవరమ్మ గుంపుతో కొండలూ గుట్టలూ తిరుగుతోంది. పకపకా నవ్వుతోంది. నా దగ్గర ఆవిడ అలా నవ్వి చాలాకాలమైంది. ఉపాయం పారిందనుకుని ఆ సంగతి పట్టించుకోలేదు.

ఒంటరిగా విసుగెత్తి, నన్నూ చేర్చుకోమని ఆ గుంపును అడిగాను. పరీక్ష పెట్టారు. గుహలో కాలు పెట్టీ పెట్టగానే సొంత గొడ్డలి తగిలి పడ్డాను. గుద్రూన్ ఏదో అంది.

“ఏమంటోంది?”

“మీ ఆయన మంచివాడే, కాని ఇలాంటివాళ్ళు మా దగ్గర ఇప్పటికే ఉన్నారు అంటోంది.”

ఒక ఆదివారం జున్ను పెట్టి కాల్చిన బానిత్స రొట్టె ముక్కలు కోస్తూ, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

“జర్మన్ పరీక్ష ప్యాసయ్యాను. వచ్చేనెల లైప్‌జిగ్ వెళ్తున్నాను.”

నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. “పుస్తకం తెరవనే లేదుగా!”

“దాంతో పనేముంది? ఎక్కడ నొప్పి, కదలొద్దు, ఊపిరి పీల్చు, అరవకు. రోజూ ఆ గుంపుతో జర్మన్‌లో అనే మాటలు అవేగా. లైప్‌జిగ్ వాళ్ళెవరా అని వెతికి మరీ చేరాను. గుద్రూన్ వాళ్ళ మేడమీద గది కూడా ఇస్తానంది.”

“నువ్వు ఒంటరిగా అడుగు వేయలేకుండా కదా నిన్ను తయారుచేశాను!” నోరు జారాను.

“తెలుసు.” కత్తి పక్కన పెట్టింది. “పరుగూ లేదు, ఆయుధమూ లేదు. అడుగడుక్కీ ముక్కూ మొహం తెలియనివాళ్ళని పలకరించి తోడు రమ్మని అడగాల్సొచ్చింది. మొదట్లో సిగ్గేసింది. తరవాత అలవాటైపోయింది. అంతా నీ పుణ్యమే.”

“వెళ్ళొద్దు దెతీ,” అన్నాను.

ఆవిడ కళ్ళు తడిశాయి. “ఈ మాట అంటావేమోనని వేసవంతా చూశాను యావోర్. నువ్వు పాయింట్లు లెక్కపెడుతూ కూర్చున్నావు.”

వెళ్ళింది. ఇల్లు బావురుమంటోంది. నేను గుద్రూన్‌ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే, ఆటలో మూటలు మోసే పనికి నన్ను తన గుంపులో చేర్చుకుంది. మా ఆవిడ గుంపులో అందరితో జర్మన్‌లోనే మాట్లాడుతుంది. నేను దెబ్బ తిని పడితే మాత్రం, “నిన్నెవడు ముందుకెళ్ళమన్నాడురా దద్దమ్మా!” అని మన భాషలో తిడుతుంది. అందుకని రోజూ మూటలు పక్కన పడేసి, ఏదో ఒక రాక్షసుడి ఎదురుగా వెళ్ళి నిలబడుతున్నాను.