పైన నగరం, కింద పంచాయతీ

ఒక పెద్ద అడవిలో, వాగుకి ఇవతల, ఏనుగుల నగరం ఉండేది. ఏనుగులు ఒళ్లు చేసినకొద్దీ నగరానికి చోటు చాలేది కాదు. వెదురుతోపు మింగేసింది, ఈతవనం మింగేసింది. ఇక మిగిలింది వాగవతలి పందికొక్కుల పంచాయతీ.

అక్కడ కొత్త మునిసిపల్ భవనం కట్టాలని ఛైర్మన్ ఐరావతయ్యకి మహా సరదా పుట్టింది. ఊరికే లాక్కుంటే అడవంతా నవ్విపోతుందని, సహకార చర్చలకని కమిషనర్ కొంగను పంపాడు. సహకారమంటే మనం చెప్పడం, వాళ్లు తలూపడం అని కొంగకి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు.

కొంగ వచ్చి సంగతి చెప్పగానే పందికొక్కుల సర్పంచ్ బుచ్చెమ్మ తన కాళ్ల కింది నేలకేసి చూసుకుంది. ఆ నేల కిందే పందికొక్కుల కలుగులు, కలుగుల్లో పిల్లలు, పిల్లల కోసం దాచిన గింజలు. అయినా ఉన్నమాట దాచలేదు.

"అయ్యా, మా తాతల కాడ్నించీ తవ్వుతానే ఉన్నామండి. పైకి నేలేగానీ లోపలంతా డొల్ల. ఏనుగు కాలికి ఆగదండి."

కొంగ ఒంటికాలి మీద ఆలోచించి, ఈవిడ బేరం పెడుతోందని తేల్చుకుంది. నేల పైనున్నదంతా నగరానిది, కిందున్నదంతా పంచాయతీది అని ఒప్పందం చెప్పింది. కింద మట్టి తప్ప ఏముంటుందిలే అని లోలోపల మురిసిపోయింది. బుచ్చెమ్మ మళ్లీ చెప్పి చూసింది. వినేవాళ్లు లేకపోయేసరికి కాలిముద్ర వేసి, పిల్లల్నీ గింజల్నీ దూరపు కలుగుల్లోకి చేర్పించింది.

భవనం లేచింది. ప్రారంభోత్సవానికి ఏనుగులన్నీ దిగాయి. డప్పు మోగేసరికి ఐరావతయ్యకి ఊపొచ్చి చిందేశాడు. ఛైర్మన్ చిందేస్తుంటే కౌన్సిలర్లు చూస్తూ నిలబడతారా? వాళ్లూ వేశారు. దరువు ముదిరింది. భవనం, పందిరి, పూలదండలు, పాలకవర్గం మొత్తం ఒక్కసారిగా నేలలోకి దిగిపోయాయి. కొంగ మాత్రం ఎగిరి గట్టున వాలి, ఇది తన పరిధిలోకి రాదంది.

దుమ్ము తగ్గాక బుచ్చెమ్మ తల బయటపెట్టింది. పిల్లలు క్షేమంగా ఉన్నారేమో, ఆవిడకి నవ్వాగడం లేదు.

"కిందున్నదంతా పంచాయతీదే కదండి ఛైర్మన్ గారూ. ఇక తవరు మా ఊరోళ్లే. రేపు గ్రామసభుంది, తప్పకుండా రండి."

గ్రామసభలో ఐరావతయ్యకి చుంచెలుకల వెనక చోటు దొరికింది. నగరం చెత్తంతా తెచ్చి తమ కలుగుల మీద పోస్తోందని అవి మొత్తుకుంటుంటే, జీవితంలో మొదటిసారి చెవులు రిక్కించి విన్నాడు. ఎవరా దుర్మార్గులని మండిపడ్డాడు కూడా. సభంతా ఆయన వంకే చూసింది.

ఇకమీదట నగరం వాగు దాటకూడదని తీర్మానం పెట్టారు. అది నెగ్గితేనే పైకి వాలుదారి తవ్వుతామని ఊరంతా ఒక్కమాట మీద ఉంది. ఐరావతయ్య తొండం అందరికంటే ముందు లేచింది. పందికొక్కులు పోటీలుపడి దారి తవ్వాయి, ఏనుగులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని బయటపడ్డాయి. కొంగ అప్పుడు కిందికి దిగి, రెండు పాలకవర్గాల మధ్య సహకారం దిగ్విజయమైందని ప్రకటించింది.

నీతి: పొరుగువాడి మాట చెవికెక్కాలంటే చెవులు పెద్దవైతే చాలదు, గొయ్యి కూడా పెద్దదై ఉండాలి.