నిజంగానే బయల్దేరిన లారీ

సురంగల్‌లో శంకరయ్య గారు కట్టిస్తున్న ఫంక్షన్ హాలు పనిలో సమాచార లోపం ఏనాడూ లేదని ముందే మనవి చేసుకోవాలి. ఇసుక, ఇటుక, ఇనుము, కాంక్రీటు పంపేవాళ్లందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. పొద్దున ఆరింటికల్లా శుభోదయాలు, పూల బొమ్మలు అందుతాయి. సరుకు అందడం వేరే సంగతి.

సూపర్‌వైజర్ బాలరాజ్‌కు ఈ గ్రూపు భాష కొట్టిన పిండి. 'బయల్దేరినం' అంటే ఇంకా స్నానం కాలేదని. 'దారిలో ఉన్నం' అంటే చెప్పులు వెతుక్కుంటున్నారని. 'వచ్చేసినం' అంటే, పాపం, అప్పుడే బయల్దేరారని. ఈ లెక్కతోనే పదేళ్లుగా పనులు దివ్యంగా నడిపిస్తున్నాడు.

ఆ బుధవారం మాత్రం పొద్దున్నే హెచ్చరిక వచ్చింది. "ఇయ్యాల స్లాబు పడాలె బాలరాజూ. పడకపోతే రేపటి సంది నువ్వు రాకు" అని శంకరయ్య గారు తేల్చేశారు. ముహూర్తం అప్పటికే మూడుసార్లు తప్పింది మరి.

తొమ్మిదింటికి చేవెళ్ల దగ్గరి కాంక్రీటు ప్లాంటు నుంచి 'లారీ బయల్దేరింది' అని మెసేజి. పంపింది సమత, ఉద్యోగంలో చేరి రెండో రోజు. ఇంకా మూడు గంటల టైమున్నదని బాలరాజ్ నింపాదిగా లెక్కవేసి, కడ్డీలు కట్టే మేస్త్రి గణేష్‌కు ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నవ్‌రా?"

"దారిలనే ఉన్ననన్నా, ఐదే నిమిషాలు" అన్నాడు గణేష్. వెనక మొయినాబాద్ హోటల్లో చాయ్ గ్లాసుల చప్పుడు స్పష్టంగా వినిపించింది.

నలభై నిమిషాలకు లారీ వచ్చి నిలబడింది. ఓరి దేవుడా, నిజంగానే! కడ్డీలు సగమే కట్టి ఉన్నాయి. కూలీలు లేరు. డ్రైవరేమో "జల్ది పోసుకోండ్రి సార్, గట్టిపడ్తది" అని ఒకటే తొందర. 'అందరూ వెంటనే రండి' అని బాలరాజ్ గ్రూపులో పెట్టాడు. పదకొండు బొటనవేళ్లు లేచాయి, మనిషి ఒక్కడూ లేవలేదు. మధ్యాహ్నానికి కాంక్రీటు లారీలోనే బండైంది.

సాయంత్రం విచారణ సభ. ప్లాంటు యజమాని కూడా సమతను వెంటబెట్టుకుని వచ్చాడు. "మనకొక పద్ధతి ఉన్నది. బయల్దేరినం అంటే ఎంతసేపో చిన్న పోరనికి గూడ ఎరుకే. ఆ పద్ధతి చెడగొట్టిందెవరు?" అని శంకరయ్య గారు గర్జించారు.

అందరూ బాలరాజ్ వైపు చూశారు. ఉద్యోగం, కూతురి కాలేజీ అతని కళ్ల ముందు తిరిగాయి. తప్పెవరిదో తెలుసు. సిగ్గు కూడా వేసింది. అయినా నోరు ఆగలేదు.

"సమతనే సార్. ముందుగాల చెప్పకుండ నిజం చెప్పింది."

"బయల్దేరినంకనే బయల్దేరిందని పెట్టిన కద సార్!" అన్న ఆ అమ్మాయి వాదనను సభ సాంకేతిక కారణాలతో తోసిపుచ్చింది. ఇకమీదట నిజం చెప్పదలచినవారు ఒకరోజు ముందు రాతపూర్వకంగా తెలపాలని తీర్మానించింది. బాలరాజ్ ఉద్యోగం నిలిచింది, సమతది పోయింది.

సమత ఇంటి దగ్గరే ఉంది. ఈ సంగతి విని కళ్లనీళ్లు పెట్టుకున్న పెద్దమనుషులు పన్నెండుమంది "ఇట్లాంటి పిల్లే మాకు కావాలె" అని ఆమె నంబరు తీసుకున్నారు. అందరూ రేపు తప్పక ఫోన్ చేస్తామన్నారు. ఇది జరిగి ఐదు నెలలైంది. మీక్కూడా నంబరు కావాలంటే చెప్పండి, ఇస్తాం.