గుండె బాగుండాలా? కిడ్నీ మార్పించుకోండి

గుండె గట్టిపడాలంటే కిడ్నీ మార్పించుకోవడాన్ని మించిన మార్గం లేదు. నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను.

రెండేళ్ల కిందట నా కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మురుగుకాలువ పూడిన చేనులా ఒళ్లంతా నీరు పట్టి, గుండె కూడా వాచింది. మా ఆవిడ మాణిక్యాంబ తన కిడ్నీ ఒకటి నాకిచ్చింది. అప్పటినుంచీ నా భోగమే భోగం! కిడ్నీకో డాక్టరు, గుండెకో డాక్టరు. ఇద్దరూ రాజమండ్రిలో ఒకే మేడలో ఉంటారు. కిడ్నీగారు కింద, గుండెగారు మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది. ప్రారంభోత్సవం నాడు పెట్టిన పసుపు కుంకుమ ఇంకా చెక్కుచెదరలేదు.

"కొత్త కిడ్నీ కదండీ, నీళ్లు బాగా తాగాలి," అంటారు కిడ్నీగారు. ఆ కబురు మోసుకుని పైకెక్కుతాను.

"ఈ గుండెకి అన్ని నీళ్లేంటండి? తగ్గించమన్నానని ఆయనకి చెప్పండి," అంటారు గుండెగారు. దిగుతాను.

"నా కిడ్నీ ఎండిపోతే పూచీ ఎవరిదో కనుక్కురండి."

మా ఆవిడ కిడ్నీ ఈయనదెప్పుడయిందని అడుగుదామనుకున్నాను. ఆయాసం అడ్డొచ్చింది.

ఇద్దరి జేబుల్లోనూ కొత్త సెల్‌ఫోన్లున్నాయి. ఎందుకండీ దండగ, నేనుండగా? మొన్న ఎంత జోరుగా దిగానంటే, నా నీడ నాకంటే వెనకొచ్చి చేరింది. కాంపౌండరు నన్ను కొత్త బంట్రోతనుకుని టీ తెమ్మన్నాడు. తెచ్చాను. గుండెకి మంచిదే కదా!

ఇంటి వెనక గోదావరి. ఇంట్లో నేను గ్లాసు నోటిదాకా ఎత్తి దించేస్తున్నాను.

చివరికి మాణిక్యాంబకి విసుగొచ్చింది. నిండు గ్లాసుతో డాక్టర్ల మేడ మెట్లకి అడ్డంగా కూర్చుంది. "ఈయన ఇది తాగాలా, మానాలా? ఇద్దరూ వచ్చి తేల్చేదాకా లేవనండి. కిడ్నీ నాది."

పేషెంట్లు ఎక్కలేక, దిగలేక గోల పెట్టడంతో ఇద్దరు డాక్టర్లూ రాక తప్పలేదు. ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

"ఏ ఊరండి మీది?" అన్నారు కిడ్నీగారు.

"భీమవరం పక్కనేనండి. రొయ్యల చెరువులున్నాయి."

"నాకూ ఉన్నాయండి. ఈ ఎండలకి నీరు లాగేస్తోంది. ఎంత లోతు ఉంచుతున్నారు?"

"ఐదడుగులకి తగ్గనివ్వకండి. తగ్గితే రొయ్య తట్టుకోలేదు."

"నేనూ అదే అంటానండి."

నీళ్ల విషయంలో ఇద్దరిదీ ఒకే మాటయింది. చేతులు కలుపుకుని ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయారు.

మా ఆవిడ గ్లాసు నీళ్లూ తనే గడగడా తాగేసింది.

"ఈసారి వచ్చినప్పుడు పేషెంటునని చెప్పకండి," అంది మూతి తుడుచుకుంటూ. "రొయ్యనని చెప్పండి."