గోడ మీద తలకిందుల మనుషులు

ఆ ఉదయం ఇంగ్లీషు మాస్టారు బడికి అందరికన్నా ముందే వెళ్లారు. ఇన్నాళ్లూ మెట్ల కింద నడిచిన ఆయన తరగతికి పాత సామాన్ల గది ఇస్తామన్నారు హెడ్‌మిస్ట్రెస్. ఏ మరమ్మతులు కావాలో చూసి ప్రధాన కార్యాలయానికి ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలి. గది పనికిరాదని వాళ్లంటే తరగతి రద్దే. భార్య పోయాక మాస్టారికి ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. ఆ తరగతిలోనే ఆయన నోరు విప్పేది.

కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. తలుపు మూస్తే చిమ్మచీకటి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎదుటి గోడ మీద ఏవో లేత రంగులు కదిలాయి. మనుషుల్లాంటివే. కాళ్లు పైకి, తలలు కిందికి. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అవి కదులుతూనే ఉన్నాయి.

తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదని ఏళ్ల తరబడి పిల్లలకు నూరిపోసిన మనిషి ఆయన. వాళ్లు చాటుగా 'బహుశా మాస్టారు' అంటారు. మెయిల్ కూడా ఆచితూచి రాశారు: గదిలో ఒక రకమైన కదలిక ఉన్నట్టు అనిపిస్తోంది, కొంతవరకు మనుషులను పోలినవి, బహుశా తలకిందులుగా ఉన్నట్టు తోస్తోంది.

కార్యాలయం గుమాస్తా వెంటనే ఫోను చేశాడు.

"గదిలో ఎంతమంది ఉన్నారండీ?"

"కచ్చితంగా చెప్పలేనండి. వస్తుంటారు, పోతుంటారు."

"తలకిందులుగానా?"

"అలాగే ఉన్నట్టున్నారు."

"బతికే ఉన్నారా?"

"ఉన్నారనే అనుకుంటున్నానండి."

గుమాస్తా ఆ 'బహుశా'లన్నీ ఏరిపారేసి పోలీసులకు చెప్పాడు: బడిలో మనుషులను తలకిందులుగా వేలాడదీశారు. మాట వీధికెక్కేసరికి మనుషులు కాస్తా పిల్లలయ్యారు. తల్లిదండ్రులు బడి ముందు మూగారు. అంబులెన్సు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం రాశారు మాస్టారూ?"

"చూసిందే రాశాను మేడం."

"ఇక ఆ గదికి తాళమే. తరగతి సంగతి మర్చిపోండి."

ఇన్‌స్పెక్టరు లాఠీ పట్టుకుని గదిలోకి వచ్చాడు. వెనకే మాస్టారూ, హెడ్‌మిస్ట్రెస్సూ.

"తలుపు మూయాలండి. లేకపోతే వాళ్లు కనిపించరు," అన్నారు మాస్టారు.

"ఎవరు?"

"అదే తెలియదండి."

తలుపు మూశారు. కాసేపటికి గోడ నిండా వీధి పరుచుకుంది. ఆకాశం నేలను ఆనుకుని నీలంగా ఉంది. పైకప్పు దగ్గర అంబులెన్సు, చక్రాలు పైకి. దాని ఎర్రదీపం చప్పుడు లేకుండా తిరుగుతోంది. తల్లులూ తండ్రులూ గాలిలో వేలాడుతూ నిలబడ్డారు; ఒకావిడ కళ్లు తుడుచుకోవడం కూడా తెలుస్తోంది. చెక్కలో మేకు ఊడిన చిల్లు ఒకటుంది. అందులోంచి దారంలా వచ్చిన వెలుతురు ఇంత వీధినీ మోసుకొచ్చి గోడ మీద దించుతోంది.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసేశాడు.

"ఆ స్తంభం పక్కన చెవి గోక్కుంటున్నది మా డ్రైవరే," అన్నాడు గుసగుసగా. తర్వాత, "ఇదేంటి మాస్టారూ?"

"వీధి అండి," అన్నారు మాస్టారు. ఆ మాటకు ముందూ వెనకా ఏమీ తగిలించలేదు.

వేలాడుతున్న పిల్లలను వెతుక్కుంటూ వచ్చిన తల్లిదండ్రులు, వేలాడుతున్న తమనే చూసుకోవడానికి వరస కట్టారు.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టారు. "గది మీదే. కిటికీ మాత్రం తెరవకండి. దీపం వేయకండి. ఆ చిల్లు ముట్టుకోకండి."

మర్నాటి నుంచి మాస్టారు సొంత గదిలో పాఠం చెబుతున్నారు. నల్లబల్ల ఏ గోడకు ఉందో ఇంకా ఎవరికీ తెలియదు.