బటన్లు లేని కారు

కంకిపాడు చరిత్రలో బటన్లు లేని మొదటి కారు బాలశౌరి గారింటికి వచ్చింది. ఆయన చేపల చెరువులకు మేత అమ్ముతారు. పాత కారులో వైపరుకు, ఏసీకి, లైట్లకు వేరువేరు స్విచ్చులుండేవి. చూడకుండా చెయ్యి పెట్టినా పనైపోయేది. ఇంత వెనకబాటుతనాన్ని ఆయన అన్నేళ్లూ ఎలా భరించారో ఆశ్చర్యమే.

తాళాలిచ్చే రోజున షోరూం మేనేజరు శాలువా కప్పి ఉపన్యసించారు. "బటన్ అంటే రాతియుగం అండీ. ఇక మీరు దేన్నీ నొక్కక్కర్లేదు. తెరను అలా తాకితే చాలు. ఇది కారు కాదు సార్, అనుభూతి!"

"మరి వానొస్తే?" అన్నారు బాలశౌరి గారి భార్య తెరేసమ్మ గారు.

"కారే గ్రహిస్తుందమ్మా."

ఆదివారం పూజ అయ్యాక చర్చి ఆవరణలో జనం కారు చుట్టూ మూగారు. తెరను జానలతో కొలిచారు. ఎలా నడుస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు. అలాంటివి అడగడం మర్యాద కాదు.

ఆగస్టులో ఓ మధ్యాహ్నం విజయవాడ నుంచి అల్లుడు సురేష్ ఫోన్ చేశాడు. "మావయ్యగారూ, వినీలకి నొప్పులొస్తున్నాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రిలో చేర్చాం. అత్తయ్యగారు కావాలని ఒకటే ఏడుపు. తొందరగా రండి."

భార్యాభర్తలు కట్టుబట్టలతో బయలుదేరారు. ఊరు దాటగానే వాన దంచింది. కారు గ్రహించింది. వైపర్లు ఒక్కసారి అద్దం తుడిచి, వాన సంగతి తమకూ తెలుసునని చాటుకుని, విశ్రాంతి తీసుకున్నాయి. వాటిని మళ్లీ లేపాలంటే తెర మీద ముందు 'వాహనం' తాకాలి, తర్వాత 'సౌకర్యాలు', అందులో 'అద్దాలు', అందులో 'ముందు అద్దం'. బాలశౌరి గారు 'అద్దాలు' దాకా విజయవంతంగా చేరుకున్నారు. అంతలో గుంట వచ్చి వేలు జారింది. సీటు ఆయన నడుముకు మసాజ్ చేయడం మొదలుపెట్టింది.

"గేదె! గేదెండీ!" అని తెరేసమ్మ గారు కేక పెట్టారు.

బ్రేకు తొక్కారు. బ్రేకును కూడా తెరలోకి ఎక్కించకపోవడం కంపెనీవారి పొరపాటు. దానివల్ల గేదె బతికిపోయింది.

ఈసారి ఆవిడే ప్రయత్నించారు. చెమట పట్టిన వేలిని తెర గుర్తించలేదు. చెంగుతో తుడుచుకుని మళ్లీ తాకితే ఆవిడ వైపు కిటికీ దిగింది. ఇక గత్యంతరం లేక తల బయటపెట్టి, "ఎడమకి... ఇంకాస్త... లారీ వస్తోంది, ఆగండి!" అంటూ, మధ్యమధ్య మరియమ్మను పిలుచుకుంటూ దారి చెప్పారు. నిలువెల్లా తడిసిపోయారు. అప్పుడు కారు మృదువైన కంఠంతో, "మీ ప్రయాణం సుఖంగా సాగుతోందా?" అని అడిగింది.

బెంజ్ సర్కిల్ ఇంకాస్త దూరం ఉందనగా కానిస్టేబుల్ ఆపాడు.

"ఏంటండీ, బండి నడుపుతూ టీవీ చూస్తున్నారా?"

"టీవీ కాదు బాబూ, వైపరు."

"వైపరు అద్దం మీద కదండీ ఉండేది! పక్కకి పెట్టండి."

కారును పక్కకి పెట్టి, అక్కడే వదిలేసి, మిగిలిన దూరం ఆటోలో వెళ్లారు. ఆటో వైపరు ఎప్పుడో చెడిపోయింది. డ్రైవరు ఒక చేత్తో దాన్ని అటూ ఇటూ ఆడిస్తూ, కళ్లు రోడ్డు మీదే ఉంచి నడిపాడు.

మెట్లెక్కుతుండగానే పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. వినీల తల్లి వంక చూసి, "పిలిస్తే ఇంతసేపా అమ్మా?" అంది. తెరేసమ్మ గారు తడి చేతులతో బిడ్డను ఎత్తుకోలేక, మంచం పక్కనే నిలబడిపోయారు. బాలశౌరి గారు కూతురి కళ్లలోకి చూడలేక వరండాలోకి వచ్చేశారు.

సాయంత్రం తెరేసమ్మ గారి తమ్ముడు నతానియేలు వచ్చాడు. పిల్లను చూశానంటే చూశాననిపించి, బావగారిని పక్కకు తీసుకెళ్లాడు.

"బావగారూ, నేనూ ఆ కారే తీసుకుందామనుకుంటున్నా. దాచకుండా చెప్పండి, ఎలా ఉంది?"

బాలశౌరి గారికి గేదె గుర్తొచ్చింది. లారీ గుర్తొచ్చింది. కూతురు అడిగిన మాట గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు చెబితే కారు బాగాలేదని ఎవరూ అనరు. బాలశౌరికి నడపడం చేతకాలేదంటారు.

"అద్భుతం నతానియేలూ," అన్నారు గొంతు సవరించుకుని. "కాస్త అలవాటు పడాలి, అంతే."

నతానియేలు అక్కడే నిలబడి ఫోన్లో బుక్ చేసేశాడు.

కారు కొనకముందు సరిగ్గా ఈ మాటే బాలశౌరి గారికి గన్నవరం స్నేహితుడు గంగాప్రసాద్ గారు చెప్పారు. ఆయనకెవరు చెప్పారో విచారించే పని పెట్టుకోకండి. ఈమధ్య మీరు కొన్నది ఎలా ఉందని మిమ్మల్నీ ఎవరో అడిగే ఉంటారు. ఏమని చెప్పారు?