పేరు చెప్పని పెద్దమనిషి

ఆ రోజు పొద్దున సాంబయ్య వేసుకున్న ఎత్తులో తప్పు పట్టడానికేమీ లేదు. రెడ్డిగూడెం పక్కన వెంకటకృష్ణారావు గారి మామిడితోట కొన్నేళ్ళుగా అతని కౌలులో ఉంది. ఆ ఏటి కోతలు ముగిశాయి. ముగింపు రోజున కోతకూలీలకు ఏదో ఒక వేడుక చేయడం ఆనవాయితీ కనుక సాయంత్రం తోటలోనే బుర్రకథ పెట్టించాడు. రావుగారిని ముందు వరసలో పడకకుర్చీలో కూర్చోబెట్టి, ఆయన బాగా నవ్వుతున్న సమయం చూసి, వచ్చే ఏటికి కూడా తోట తనకే ఇమ్మని అడగాలి. చుట్టుపక్కల తోటలన్నీ అప్పటికే నూజివీడు వర్తకుల చేతుల్లోకి పోయాయి. ఇదీ పోతే సాంబయ్య మళ్ళీ ఇంకొకరి తోటలో చిక్కపు కర్ర పట్టుకుని కాయలు దింపుకోవలసిందే.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి అది. బుర్రకథ అంటే కమ్యూనిస్టుల ప్రచారమని పోలీసులు అదోలా చూస్తున్న రోజులు. అందుకని ఆ దళం వాళ్ళు రాజకీయం చెప్పే వంతగాణ్ణి ఇంటి దగ్గరే వదిలేసి వచ్చారు. దాంతో భారమంతా హాస్యం చెప్పే చిన్నరాయప్ప మీద పడింది. ఏ ఊరు వెళ్ళినా పొద్దున్నే ఆ ఊరి మనుషుల సంగతులు వాకబు చేసి, సాయంత్రం కథ మధ్యలో కలిపి చెప్పడం అతని పద్ధతి.

"రావుగారి జోలికి మాత్రం పోకు రాయప్పా," అన్నాడు సాంబయ్య.

"పోనీ, మునసబు నరసింహులు గారి మీద చెప్పనా అండీ?"

"ఆయన రావుగారికి బావమరిది. వద్దు."

"అయితే పోయినేడు లాగా కోతకూలీల మీద చెబుతాను. పెద్దాళ్ళంతా తెగ నవ్వారు."

"కథ పెట్టిందే వాళ్ళ కోసం. వాళ్ళ మీదెందుకయ్యా?" అని కాసేపు ఆలోచించి, "నా మీద చెప్పు," అన్నాడు సాంబయ్య.

తన గుట్టు తనే విప్పాడు. భార్య నాగమణికి భయపడి తను పూత రోజుల నుంచే తోటకు పోయి పడుకుంటాడనీ, ఇంట్లో మాత్రం తోటలో దొంగల భయమంటాడనీ చెప్పాడు. చిన్నరాయప్ప నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"పేరు మాత్రం చెప్పకు. మా ఆవిడ వస్తుంది," అన్నాడు సాంబయ్య.

కొంప ముంచింది ఆ జాగ్రత్తే. మామిడితోటల ఊళ్ళో పూత మొదలుకొని చివరి కాయ దిగేదాకా గుంటెడు తోట ఉన్న ప్రతి మగవాడూ తోటలోనే పడుకుంటాడు. ఎందుకని గట్టిగా అడిగితే ప్రమాణం చేసి చెప్పగలవాడు ఒక్కడూ లేడు. ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పొద్దు వాలాక, పెట్రోమాక్స్ వెలుగులో చిన్నరాయప్ప గుమ్మెట మీద దరువేసి అందుకున్నాడు.

"ఈ ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నాడు. పూత పడిందంటే చాలు, తోటలో దొంగలు పడ్డారంటాడు. నులకమంచం భుజానేసుకుంటాడు. కాయ లేకుండా దొంగలేంటయ్యా అంటే, తోటలో దొంగలతోనైతే మాట్లాడి చూడొచ్చు, ఇంట్లో ఆవిడ చేతిలో అట్లకాడ ఉంది, నన్ను పోనివ్వయ్యా అంటాడు."

కూలీలు విరగబడి నవ్వారు. ఆడవాళ్ళు మొదట నవ్వి, తరవాత ఎవరి మొగుడి వైపు వాళ్ళు చూసి, మళ్ళీ ఇంకా గట్టిగా నవ్వారు. రావుగారు నవ్వలేదు. ఉత్తరీయం సర్దుకుని లేచి వెళ్ళిపోయారు. వెనకే మునసబు లేచాడు. ఆ వెనక ఇంకో పదిమంది, ఒకరికొకరు సంబంధం లేనట్టు దగ్గుకుంటూ వెళ్ళారు. పోతూ పోతూ మునసబు చిన్నరాయప్ప చేతిలో గుమ్మెట లాక్కుపోయాడు.

తెల్లవారేసరికి ఊరు రెండుగా చీలింది. పెద్దల పరువు తీశాడని ఒక వర్గం, హాస్యం హాస్యంలాగే తీసుకోవాలని ఒక వర్గం. కొన్ని ఇళ్ళలో ఈ రెండు వర్గాలూ ఒకే వంటింట్లో ఉండడంతో పొయ్యి వెలగలేదు. రావుగారి అరుగు మీద పంచాయతీ పెట్టారు.

"ఊరి పెద్దల్ని అవమానించావు. క్షమాపణ చెబితేనే గుమ్మెట ఇస్తాం," అన్నాడు మునసబు.

"చెబుతానండీ. ఎవరికి చెప్పమంటారు? నన్నే అన్నాడని ఎవరనుకుంటున్నారో వారిని ఒకసారి లేవమనండి, కాళ్ళ మీద పడతాను," అన్నాడు చిన్నరాయప్ప వినయంగానే.

ఎవరూ లేవలేదు. మునసబు వాసాల వైపు చూశాడు. రావుగారు మునసబు వైపు చూశారు. "నా మాట కాదు, ఊరి మర్యాద మాట," అన్నారు చివరికి.

అప్పుడు వాకిట్లో కూలీల మధ్య నుంచి సవరమ్మ లేచింది. గంపలు మోసే ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద.

"పోయినేడు ఇతనే మేం కోసిన కాయల్లో సగం మా కడుపుల్లోకే పోతాయని చెప్పాడు. మీరంతా నవ్వి, మళ్ళీ చెప్పమన్నారు. దొంగ అంటున్నారని మా పిల్ల లేయా పని మానేసి ఇంట్లో కూర్చుంది. దానికెవరూ పంచాయతీ పెట్టలేదు బాబుగారూ."

పెద్దల ముందు తల వంచని చిన్నరాయప్ప ముఖం మాడిపోయింది. నిజంగా సిగ్గుపడ్డాడు. లేచి సవరమ్మకు దణ్ణం పెట్టబోయాడు.

"నాకెందుకు? ఆ మాటేదో మా పిల్లకి చెప్పు," అంది సవరమ్మ. అతను పంచాయతీని అలాగే వదిలేసి, వాకిట్లో అందరికీ వెనక కూర్చున్న లేయా దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. ఆ పిల్ల ఏం చెయ్యాలో తెలియక తనూ చేతులు జోడించింది.

ఇది చూసి రావుగారికి మరీ ఒళ్ళు మండింది. "కూలీకి దణ్ణం పెట్టి, మాకు పెట్టడట. సాంబయ్యా, ఇదంతా నువ్వు పెట్టించిన కథే. ఆ తోట సంగతి ఇక మర్చిపో."

గోడ పక్కన ఆడవాళ్ళలో నాగమణి నిలబడి ఉంది. అటు చూసే ధైర్యం చాలక సాంబయ్య నేల చూపులు చూస్తూ లేచాడు.

"ఆ పెద్దమనిషిని నేనేనండీ. నేనే చెప్పమన్నాను. ఆవిడకి భయపడి తోటకి పోయేది నేనే."

రావుగారు ఒక్క క్షణం ఆగి పగలబడి నవ్వారు. రాత్రి అర్థం కాని హాస్యమంతా ఆయనకు ఇప్పుడు అర్థమైంది. "కాయ లేకుండా దొంగలా? భలే చెప్పావోయ్ రాయప్పా," అన్నారు. మునసబు కూడా నవ్వి, గుమ్మెట తెచ్చి తనే అతని చేతికిచ్చాడు.

"సాంబయ్యని అంటే మీరెందుకు లేచి వచ్చేశారు?"

ఆ మాట తలుపు వెనక నుంచి వచ్చింది. అడిగింది రావుగారి భార్య ప్రమీలారాణి. రావుగారి నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. తోటలో గాలి ఒంటికి మంచిదని వైద్యుడు చెప్పాడని ఆమెకు ఏళ్ళుగా చెబుతున్నారాయన.

"తోట సాంబయ్యకే ఇవ్వండి," అంది ఆమె మళ్ళీ. "పాపం, నిజం చెప్పాడు. కావలి కూడా అతనే చూసుకుంటాడు. మీ మంచం ఇవాళే ఇంటికి తెప్పిస్తాను."

"అలాగే," అన్నారు రావుగారు.

సాంబయ్య తలుపుకు దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు. ఎదురుగా నాగమణి. ఆమె కళ్ళలో కోపం లేదు, నీళ్ళున్నాయి. అది అతనికి మరీ కష్టంగా తోచింది.

"దొంగలు మిమ్మల్నేం చేస్తారోనని ఇన్నేళ్ళూ నాకు కంటి మీద కునుకు లేదండీ," అంది. "నాకు భయపడి పోయారా? ఇక ఆ బెంగ పెట్టుకోకండి. వచ్చే ఏడు పూత పడగానే నేనూ వచ్చేస్తాను. పొయ్యి తోటలోనే పెట్టుకుందాం."

తోట దక్కిన సాంబయ్య ముఖంలో సంతోషం కనిపిస్తుందేమోనని జనం కాసేపు ఆగి చూసి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.